ఉద్దానంలో కార్చిచ్చు: నిఘా, ముందస్తు సమాచారం

శ్రీకాకుళం జిల్లా ఉత్తర కొసన, తూర్పు కనుమలకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న తోటల సీమ ఉద్దానం. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాల్లో కొబ్బరి, జీడి, పనస చెట్లు ఊళ్లను కమ్ముకుని ఉంటాయి. ఇక్కడ వేసవి మంటలు రెండు తావుల్లో పుడతాయి. మందస, మెళియాపుట్టి వైపు కొండల అడవుల్లో రేగేవి కొన్ని, పల్లంలోని తోటల్లో అంటుకునేవి కొన్ని. అడవి మంటను కనిపెట్టి హెచ్చరించడానికి దేశవ్యాప్త ఉపగ్రహ వ్యవస్థ ఉంది. తోటలో మంట రేగితే ఆ వ్యవస్థ నుంచి ఎవరికీ సందేశం రాదు. ఉద్దానం రైతు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఇది.

మంటల కాలం

కొండల మీద ఉన్నవి ఎక్కువగా ఆకురాల్చే అడవులు. ఫిబ్రవరి నుంచి జూన్‌లో నైరుతి రుతుపవనాలు వచ్చేదాకా నేలంతా ఎండుటాకు పరుచుకుని ఉంటుంది. మంట చాలావరకు నేల మీదే పాకుతుంది. పెద్ద చెట్లు తట్టుకుంటాయి గాని మొలకలు, లేత మొక్కలు, నేల మీద గూడు కట్టే పక్షులు పోతాయి. పిడుగు పడి అంటుకునేవి అరుదు, దాదాపు అన్నీ మనిషి చేతి నుంచి వచ్చేవే. రాలిన ఇప్పపువ్వు కంటికి కనబడాలని చెట్టు కింద ఆకు కాలుస్తారు. తునికి చెట్టు లేత ఆకు వేయాలని, పశువులకు కొత్త గడ్డి మొలవాలని నిప్పు పెడతారు. పోడు కోసం నరికిన తుప్పలు తగలబెడతారు. ఆర్పకుండా విసిరిన బీడీ ముక్క కూడా చాలు. అడవి కాలిన ప్రతిసారీ ఈ కొండల్లోని సవర గిరిజనుల పోడు మీదికి నెట్టేయడం మాత్రం న్యాయం కాదు. కొండ మీద బతికేవాడికి అడవి తగలబడితే పోయేది తన జీవనాధారమే.

ఈ కొండలు రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగిపోవు. మందసకు ఎగువన ఒడిశా గజపతి జిల్లాలో 1,501 మీటర్ల మహేంద్రగిరి ఉంది. 2023 నవంబరు నుంచి 2024 జూన్ వరకు దేశంలో ఉపగ్రహాలు గుర్తించిన అటవీ అగ్ని బిందువులు 2,03,544. అందులో ఉత్తరాఖండ్ తర్వాతి స్థానం 20,973 బిందువులతో ఒడిశాదే. కాబట్టి ఉద్దానంలో ఉన్నవారు పటం చూసేటప్పుడు మన జిల్లా హద్దుతో ఆగకూడదు, గజపతి, గంజాం జిల్లాల వైపూ కన్నేయాలి.

తోటల సంగతి వేరు. జీడి కోత మార్చి నుంచి మే దాకా, అంటే సరిగ్గా మంటల కాలంలో. రాలిన పిక్కలు ఏరడానికి చెట్ల కింద తుప్పలు కొట్టి, ఆకు ఊడ్చి, కుప్పపోసి కాలుస్తారు. జీడాకు దళసరిది, త్వరగా కుళ్లదు. దానికి ఎండు కొబ్బరి మట్టలు, డొక్కలు తోడైతే గాలి మళ్లిన క్షణంలో కుప్ప మంట గట్టు దాటుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. ఆ రోజు లక్షలాది కొబ్బరి, జీడి చెట్లు నేలకూలాయి. తర్వాత నాటిన తోటల్లో మొక్కల బెరడు ఇంకా పలచన, కొమ్మలు నేలకు దగ్గర. జీడి మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు, కొబ్బరికి అంతకంటే ఎక్కువ పడుతుంది. ఒక మధ్యాహ్నపు మంట అన్నేళ్ల ఎదురుచూపును మొదటికి తెస్తుంది.

ఆకాశం నుంచి చూసేది ఎలా

మండే వస్తువు నుంచి మధ్యస్థ పరారుణ కిరణాలు బలంగా వెలువడతాయి. ఉపగ్రహంలోని పరికరం సుమారు 4 మైక్రాన్ల తరంగదైర్ఘ్యంలో కనిపించే వేడిని 11 మైక్రాన్ల దగ్గరి వేడితో పోల్చి, చుట్టుపక్కల నేల కంటే తేడాగా ఉన్న గడిని (పిక్సెల్‌ను) మంటగా గుర్తిస్తుంది. టెర్రా, ఆక్వా ఉపగ్రహాల్లోని మోడిస్ పరికరానికి ఒక గడి అంటే 1 కిలోమీటరు. 2011లో ప్రయోగించిన సుయోమీ ఎన్‌పీపీలోని వీర్స్ పరికరానికి 375 మీటర్లు. అందుకే చిన్న మంటలు వీర్స్‌కే ఎక్కువగా దొరుకుతాయి.

డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ 2004 నుంచి ఈ సమాచారంతో మంటలను గుర్తిస్తోంది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం తన షాద్‌నగర్ భూకేంద్రంలో ఉపగ్రహ సంకేతాలు అందుకుంటుంది. అటవీ సర్వే సంస్థ ఆ బిందువులను అటవీ పటంతో సరిచూసి, అడవి లోపల పడినవాటినే ఉంచి, బీటు అధికారుల ఫోన్లకు సందేశాలు పంపుతుంది. పేరు నమోదు చేసుకుంటే మామూలు పౌరులకూ ఇవి ఉచితంగా అందుతాయి. 2019 నుంచి పెద్ద మంటలను ఆరేదాకా విడిగా వెంబడించే ఏర్పాటు కూడా ఉంది.

తోటల మంట జారిపోయేది ఆ వడపోతలోనే. జిరాయితీ భూమిలోని జీడితోట అటవీ పటంలో ఉండదు. ఉపగ్రహం ఆ వేడిని చూసినా సందేశం పుట్టదు. దాన్ని చూడాలంటే వడపోత లేని నాసా ఫర్మ్స్ పటం తెరవాలి. ఉపగ్రహం దాటిన సుమారు మూడు గంటల్లో అందులో బిందువు కనిపిస్తుంది. పలాస ఇంచుమించు 18.77 ఉత్తర అక్షాంశం, 84.42 తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. పటంలో ఉండే సమయం మన గడియారానిది కాదు, దానికి అయిదున్నర గంటలు కలపాలి. 8 గంటలని ఉంటే ఇక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర అన్నమాట. బిందువు పడిన చోటే మంట ఉందనుకోకూడదు. అది గడి నడిబొడ్డు మాత్రమే, అసలు మంట వందల మీటర్ల అవతల ఉండవచ్చు.

మబ్బు పట్టినా, మంట రెండు ఉపగ్రహాల రాకల నడుమ పుట్టి ఆరినా, దట్టమైన కొమ్మల కింద సన్నగా పాకినా ఏదీ నమోదు కాదు. పటంలో చుక్క లేనంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు.

ముప్పును ముందే అంచనా కట్టడం

అటవీ సర్వే సంస్థ అగ్నిప్రమాద స్థాయి అంచనాకు కెనడా రూపొందించిన సూచీని వాడుతుంది. మధ్యాహ్నపు ఉష్ణోగ్రత, గాలిలో తేమ, గాలి వేగం, గడిచిన 24 గంటల వాన దీనికి ఆధారం. పైపై ఆకు ఒక్క రోజులోనే ఎండుతుంది, లోపలి పొరలకు వారాలు పడుతుంది. అందుకే నిన్న జల్లు పడిందని నేడు నిప్పు పెట్టడం పొరపాటు.

ఉద్దానానికి వాడుకలోని గుర్తు ఇంకొకటి ఉంది. మామూలు వేసవి మధ్యాహ్నం సముద్రపు గాలి తేమ తెస్తుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజు సముద్రపు గాలి ఆలస్యమవుతుంది, వడగాలి తోటల్లోకి దిగుతుంది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా ఇచ్చే వడగాలుల హెచ్చరికను ఆ రోజుల్లో మంటల హెచ్చరికగా కూడా చదువుకోవాలి.

హెచ్చరికతో పాటు, మంట రేగాక కబురు త్వరగా అందడమూ ముఖ్యం. 2025 జనవరిలో లాస్‌ఏంజెలెస్ పరిసరాలు కాలినప్పుడు అక్కడి జనం వాచ్ డ్యూటీ అనే యాప్‌ను నమ్ముకున్నారు. 2021లో లాభాపేక్ష లేకుండా మొదలైన ఆ యాప్‌లో ఉపగ్రహ బిందువులతో పాటు అగ్నిమాపక దళాల రేడియో మాటలు వినే వాలంటీర్ల కబురు కూడా ఉంటుంది. ఉద్దానానికి సరిపోయే దారి అదే. అడవి అంచు ఊళ్లలో వన సంరక్షణ సమితులు ఉన్నచోట అవి, లేనిచోట రైతులే ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, తోటలో కుప్ప కాల్చే ముందు ఒక మాట, పొగ కనబడితే ఒక ఫొటో పంపుకుంటే ఆ వడపోతలో జారిపోయేది చాలావరకు దొరుకుతుంది. కుప్ప చుట్టూ రెండు మూడు మీటర్ల మేర ఆకు గీకి మట్టి తేల్చాలి. ఎండ ఎక్కకముందే కాల్చి, నిప్పు పూర్తిగా ఆరేదాకా అక్కడే ఉండాలి. మంట చేయి దాటితే అగ్నిమాపక శాఖకు 101, అత్యవసర సేవలకు 112, విపత్తుల నిర్వహణ సంస్థకు 1070. అడవి వైపు మళ్లితే వెంటనే బీటు అధికారికి చెప్పాలి. ఈ నంబర్లు ఈ వేసవికి ముందే మీ ఫోనులో వేసుకోండి.