నేతపని క్షీణించిన విధము



ప్రతి వార్షిక సభయందును మన పూర్వవైభవమును శ్లాఘించుట ఆచారముగ నున్నది. భావనాఋషి తామరతూండ్ల నారతో దేవతలకు వస్త్రములు నేసెనను గాథతో నారంభించి, తుదకు నేటి మన దైన్యమును వర్ణించి విరమింతుము. ఆ వైభవమునకును ఈ దైన్యమునకును నడుమ జరిగిన దేమి యని విచారించువారు మాత్రము అరుదు. ముప్పదియైదేండ్లు పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి నొందిన నాకు ఆ విచారణ యందు కొంత ఆసక్తి కలిగెను. తెలిసినంత విన్నవించెదను.

1606లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును మచిలీపట్టణమున వర్తకస్థానములు నెలకొల్పిరి. తూర్పుదీవులలో సుగంధద్రవ్యములకు మారుగ నిచ్చుటకు వారికి మన తీరపు వస్త్రములే కావలసివచ్చెను. పిమ్మట అవి ఐరోపా ఖండమున గూడ ఆదరము గాంచినవి. ఆ ఆదరమును జూచి ఆంగ్లదేశపు ఉన్ని, పట్టు నేతగాండ్రు మొరపెట్టుకొనగా, అచటి పార్లమెంటు 1700లో మన దేశపు అద్దకపు వస్త్రముల ధారణను నిషేధించెను. 1721లో ఆ నిషేధమును మరింత బిగించెను. తరువాతి కాలమున స్వేచ్ఛావర్తక ధర్మమును మనకు బోధించినవారు, తమ పరిశ్రమ శైశవమున నున్నపుడు ప్రభుత్వ రక్షణమును కోరినవారే యని మరువరాదు.

ఆ రక్షణము మాటున యంత్రములు పుట్టినవి. 1764 ప్రాంతమున హార్‌గ్రీవ్సు, 1769లో ఆర్క్‌రైటు, 1779లో క్రాంప్టను నూలు వడకు యంత్రములను కల్పించిరి. కార్ట్‌రైటు మరమగ్గము 1785లో వెలువడెను. 1813లో కుంపిణీవారి భారతవర్తక గుత్తాధికారము తొలగింపబడగా, సీమవర్తకులు తమ సరకుతో మన రేవులలో దిగిరి.

ఇచట నొక అపోహను తొలగింపవలెను. ఆంగ్లేయులు మన నేతగాండ్ర బొటనవ్రేళ్లు కోయించిరని పిల్లలకు చెప్పుట కలదు. 1772లో విలియం బోల్ట్సు వ్రాసినది వేరు: వంగదేశమున పట్టుదారము చుట్టువారు నిర్బంధపు చాకిరికి ఓర్వలేక తమ వ్రేళ్లను తామే కోసికొనిరని యాతని వాక్యము. కుంపిణీవారి దౌర్జన్యము సత్యమే. కాని మన వృత్తిని కూల్చినది కత్తి కాదు, ధర.

ఆ ధర మొదట ఎవరిని కూల్చెను? నేతగానిని కాదు, నూలు వడకు స్త్రీని. అన్ని కులముల స్త్రీలును, ముఖ్యముగ వితంతువులును, ఇంటి పట్టున నుండి రాట్నముపై నూలు వడికి నాలుగు కాసులు గడించెడివారు. మరనూలు చౌకగ రాగా ఆ జీవనము నశించెను. ఆ మరనూలును కొన్నది మనమే. దానివలననే మన మగ్గములు మరికొంతకాలము ఆడినవి. నా బాల్యమున మా యింట రెండు గుంటమగ్గము లుండెను. మా నాయనమ్మ కండెలు చుట్టుటలో మిక్కిలి నేర్పరి. కాని దూది వడకుట ఆమె యెరుగదు. ఆమెకు ముందు తరములయందే ఆ విద్య మా యింట అడుగంటెను. దాని కొరకు ఏ సభయందును ఎవ్వరును దుఃఖించినట్లు నేను వినలేదు.

మనకు కలిగిన కష్టము మన కొక్కరికే కలిగినదనుటయు సరికాదు. 1820 ప్రాంతమున ఆంగ్లదేశమున సుమారు 2 లక్షల 40 వేలమంది చేనేతగాండ్రుండిరి. ఒక తరము గడచునప్పటికి అందు స్వల్పభాగమే మిగిలెను. ఆకలిచే వారును మన పెద్దలవలెనే మగ్గములను విడిచిరి.

వారిని గెలిచిన మిల్లుల గతి యేమి? 1913లో బ్రిటను సుమారు 700 కోట్ల గజముల నూలుబట్టను ఎగుమతి చేసెను. అందు ఉరామరిగ 300 కోట్ల గజములు మన దేశమునకే వచ్చెను. 1931 సెప్టెంబరులో గాంధీమహాత్ముడు లాంకషైరులోని డార్వెను ప్రాంతమునకు పోయి, పని లేక బాధపడు మిల్లుకూలీలతో ముచ్చటించెను. విదేశవస్త్ర బహిష్కారమునకు నాయకుడైన ఆయనను వారు ఆదరముతో చూచిరి. 1958 నాటికి బ్రిటను, తాను పంపు నూలుబట్టకంటె తెప్పించుకొను నూలుబట్టయే హెచ్చుగా గల దేశమయ్యెను.

బొంబాయి మిల్లులకును అదే దశ పట్టెను. తెలంగాణమునుండి మనవా రెందరో ఆ నగరమునకును, భివండికిని, షోలాపురమునకును వలసపోయిరి. 1982 జనవరి 18న బొంబాయిలో సుమారు రెండున్నర లక్షల మిల్లుకార్మికులు సమ్మె కట్టిరి; పలువురికి మరల ఆ పని దొరకలేదు. ఓరుగల్లున 1934లో వెలసిన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడెను. అమెరికాలో 1979లో సుమారు 1 కోటి 95 లక్షలమంది వస్తూత్పత్తి కర్మాగారములలో పనిచేయగా, 2010 నాటికి వారి సంఖ్య 1 కోటి 15 లక్షలకు దిగెను. అట్లని ఆ దేశమున సరకుల తయారీ ఆ మేరకు తగ్గలేదు. ఒక భాగము పని పరదేశములకు పోయెను. ఒక భాగమును యంత్రము చేకొనెను.

మన దేశపు చేనేత గణనములు చూడుడు. నేతపనివారును అనుబంధ పనివారును కలిసి 1995లో సుమారు 65 లక్షలు, 2009-10లో 43.31 లక్షలు, 2019-20లో 35.22 లక్షలు. ఈ యంకెలను చదివినపుడు నాకు మా తండ్రిగారు తలపునకు వత్తురు. ఆయన నన్ను చదువునకు పంపి, తన నాడెను నా చేతికి ఈయలేదు. ఆ నిర్ణయమువలన నేను బాగుపడితిని. మా మగ్గపుగుంట పూడిపోయెను. ఈ రెండును సత్యములే.

కావున నా విన్నపమిది. పని పోవుట వేరు, పనివాడు చెడుట వేరు. మొదటిదానిని ఏ రాజ్యమును పూర్తిగ ఆపజాలకపోయెను; రెండవదానిని ఆపుట మనుష్యుల చేతిలోనే యున్నది. బాలురకును బాలికలకును విద్యావేతనము లిచ్చుచున్న దాతలకు మన మెల్లరము ఋణపడియున్నాము. కాని యేబదియేండ్లు దాటి, కన్ను మందగించి, మగ్గము నిలిచిపోయిన వానికిని, కండెలు చుట్టు వాని భార్యకును మన నిధిలో పద్దు లేదు. ఈ సంవత్సరమే అట్టి పద్దు నొకదానిని తెరువుడని సభవారిని ప్రార్థించుచున్నాను. పూర్వము రాట్నము ఆగినపుడు మనము గమనింపలేదు. ఈ పర్యాయమైనను గమనింతుము గాక.