నెలసరి న్యాయం, ఆడపిల్లల చదువు: ధవళేశ్వరం నుంచి సైబరాబాద్ దాకా

నెలసరి వస్తుందన్న కారణంతో ఏ ఆడపిల్లా చదువును, ఆరోగ్యాన్ని, గౌరవాన్ని పోగొట్టుకోకూడదన్న భావనే నెలసరి న్యాయం. న్యాయశాస్త్రంలో ఈ పేరుతో చర్చ ఇటీవలిదే. అమెరికా న్యాయ ఆచార్యురాలు మార్గరెట్ జాన్సన్ 2019లో ఇదే పేరుతో ఒక వ్యాసం ప్రచురించారు. తెలుగునాట ఆ పేరు లేకపోయినా ఆ పోరాటం నూట యాభై ఏళ్లుగా సాగుతోంది. బడి వరకు చూస్తే దీనికి నాలుగు వస్తువులు కావాలి: లోపల గడియ పడే మరుగుదొడ్డి, కుళాయిలో నీళ్లు, వాడినవి వేయడానికి మూత ఉన్న బుట్ట, బిడియపడకుండా అడగగలిగే ఒక టీచరు. ఒక్కోదాన్నీ సాధించుకోవడానికి ఒక్కో తరం పట్టింది. హైదరాబాద్‌లోని హైటెక్ సిటీ, సైబరాబాద్ ఐటీ ప్రాంతంలో ఈ నాలుగూ ఒకచోట పుష్కలంగా, కూతవేటు దూరంలోనే మరోచోట కరువుగా కనిపిస్తాయి.

మాటలు, ఆచారాలు

మొదటిసారి వచ్చే నెలసరికి తెలుగులో ఎన్నో పేర్లున్నాయి: పెద్దమనిషి కావడం, ఈడేరడం, సమర్తాడటం, రజస్వల కావడం, పుష్పవతి కావడం. ప్రతి నెలా వచ్చేదానికి ముట్టు, దూరం, బయట ఉండటం, బహిష్టు, నెలసరి. నేటి బడి పిల్లలు ‘డేట్ వచ్చింది’ అంటారు. బహిష్టు అన్న మాటలోనే ‘బయట’ ఉంది. పిల్లను ‘పెద్దమనిషి అయింది’ అని మురిపెంగా చెప్పుకున్న రోజే మూలన చాప వేసి కూర్చోబెట్టడం, ఏదీ ముట్టుకోవద్దనడం చాలా కుటుంబాల్లో ఆచారం.

ఆ ఆచారంలో ఆప్యాయత లేదనలేం. నువ్వులు, బెల్లం కలిపి దంచిన చిమ్మిలి పెడతారు, మేనమామ చీర తెస్తాడు, పేరంటాళ్లు అక్షింతలు వేస్తారు. ఇప్పుడది ఫ్లెక్సీలు, ఫంక్షన్ హాళ్ల దాకా పెరిగింది. ఇంత సందడిలోనూ అసలు శరీరంలో ఏం జరిగిందో ఆ పిల్లకు విడమరచి చెప్పేవాళ్లు తక్కువ. తొమ్మిది రోజులో పదకొండు రోజులో బడి పోతుంది. ఆపైన ‘ఎదిగిన పిల్ల, ఇంకెన్నాళ్లు బడి’ అన్న మాట మొదలవుతుంది. చదువుకు అసలు గండం ఆ మాటే.

సంస్కరణ కాలం

పందొమ్మిదో శతాబ్దంలో పై కులాల ఇళ్లలో రజస్వల కాకముందే పెళ్లి చేయడం నియమం. ఆ లెక్కన ఆడపిల్ల చదువుకు దొరికేది ఏడెనిమిదేళ్ల వయసు దాకానే. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. ఆయన స్త్రీవిద్య, బాల్యవివాహ నిరసన, వితంతు వివాహం అనే మూడింటినీ కలిపే నడిపారు. పెళ్లి వయసును తొలి నెలసరితో ముడిపెట్టినంత కాలం బడి నిలవదని ఆ అనుభవం చెబుతుంది. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్ల కనీస పెళ్లి వయసును 14 చేసింది. 1978 సవరణతో అది 18 అయింది. ఆ చట్టాలతో తొలి నెలసరికీ పెళ్లికీ మధ్య కొన్నేళ్లు మిగిలాయి. ఆడపిల్ల ఉన్నత పాఠశాల చదువుకు చోటు దొరికింది ఆ ఏళ్లలోనే.

నిజాం రాజ్యంలో పరదా పాటించే కుటుంబాల పిల్లల కోసం 1907లో హైదరాబాద్‌లో మహబూబియా బాలికల పాఠశాల వచ్చింది. ఎనిమిదో ఏట పెళ్లయి, ఆ తర్వాత ఆ బంధాన్ని కాదని చదువును ఎంచుకున్న దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. కేంద్రం 1958లో నియమించిన జాతీయ మహిళా విద్యా సంఘానికి ఆమే అధ్యక్షురాలు. బాలికల చదువును ప్రత్యేక సమస్యగా చూడాలని, దానికి ప్రత్యేక వ్యవస్థ ఉండాలని ఆ సంఘం వాదించింది.

పనిలోంచి బడికి

ఐటీ ప్రాంతం లేచిన నేలంతా చాలాకాలం రంగారెడ్డి జిల్లాలో ఉన్న పల్లెలే. ఆచార్య శాంతా సిన్హా నాయకత్వంలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ బాలకార్మికులను బడికి చేర్చే పని 1990ల ఆరంభంలో మొదలుపెట్టింది ఆ జిల్లాలోనే. బడికి వెళ్లని ప్రతి పిల్లా, ఇంట్లో పనిచేసినా పొలంలో పనిచేసినా, బాలకార్మికురాలేనన్నది వారి వాదం. చదువు మానిన ఆడపిల్లలను నెలల తరబడి శిబిరాల్లో ఉంచి, బ్రిడ్జి కోర్సులతో వయసుకు తగ్గ తరగతిలో చేర్చారు. పెళ్లి కుదిరిన పిల్లల ఇళ్లకు వెళ్లి పెద్దలను ఒప్పించారు. శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో ఆమె జాతీయ బాలల హక్కుల సంఘానికి తొలి అధ్యక్షురాలయ్యారు.

2004లో కేంద్రం కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ప్రారంభించింది. ఊళ్లో ప్రాథమిక బడి ఉండి, ఉన్నత పాఠశాల దూరమైనప్పుడు ఈడొచ్చిన పిల్లను ఒంటరిగా పంపడానికి భయపడే తల్లిదండ్రులకు ఈ ఆశ్రమ విద్యాలయాలు ఒక భరోసా. పెళ్లి ఖర్చుకు సాయంగా తెలంగాణ ప్రభుత్వం 2014 అక్టోబరు 2న మొదలుపెట్టిన కల్యాణలక్ష్మి పథకం, వధువుకు 18 ఏళ్లు నిండితేనే ఆ సాయం అనే షరతు పెట్టింది.

మరుగుదొడ్డి హక్కు

2009 నాటి విద్యాహక్కు చట్టం బాలురకు, బాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు ఉండాలని నిర్దేశించింది. సుప్రీంకోర్టు 2012 అక్టోబరు 3న అన్ని బడుల్లో ఆరు నెలల్లో మరుగుదొడ్లు, మంచినీరు కల్పించాలని ఆదేశించింది. 2014 స్వాతంత్ర్య దినోత్సవ ప్రసంగంలో ప్రధాని, ఏడాదిలో ప్రతి బడిలో బాలికలకు వేరే మరుగుదొడ్డి ఉండాలన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన ‘నాడు-నేడు’, తెలంగాణలో 2022 మార్చి 8న వనపర్తిలో ప్రారంభించిన ‘మన ఊరు - మన బడి’ పథకాలు నీటి వసతితో కూడిన మరుగుదొడ్లను పనుల జాబితాలో చేర్చాయి. హైదరాబాద్ నగరంలో రెండోది ‘మన బస్తీ - మన బడి’.

గది కట్టడం ఒక ఎత్తు, అది రోజూ పనిచేయడం మరో ఎత్తు. గడియ ఊడిపోతుంది, ట్యాంకులోకి నీళ్లెక్కవు, ఊడ్చే ఆయమ్మకు జీతం ఆలస్యమవుతుంది. ఉదయం ఏడింటికి ఇంట్లో ప్యాడ్ పెట్టుకుని బయల్దేరిన పిల్ల మధ్యాహ్నానికి మార్చుకోవాలి. మార్చుకునే చోటు లేకపోతే ఆ పూట నీళ్లు తాగడం మానేస్తుంది. సార్ ప్రశ్న అడిగితే జవాబు తెలిసినా బెంచీ మీంచి లేవదు. బెల్లు కొట్టాక స్నేహితురాలిని చాటుకు పిలిచి ‘వెనక జర చూడవే, ఏమన్నా అంటిందా?’ అని అడుగుతుంది. హాజరు పట్టీలో ఆ పిల్ల ఆ రోజు బడికి వచ్చినట్టే లెక్క.

ప్యాడ్ పథకాల చరిత్ర

కేంద్ర ఆరోగ్య శాఖ 2011లో 17 రాష్ట్రాల్లోని 107 జిల్లాల్లో నెలసరి పరిశుభ్రత పథకం తెచ్చింది. ఆశా కార్యకర్తలు ‘ఫ్రీడేస్’ పేరుతో ఆరు న్యాప్కిన్ల ప్యాకెట్టును గ్రామీణ బాలికలకు ఆరు రూపాయలకు అమ్మేవారు. జీఎస్టీ వచ్చిన 2017 జులైలో న్యాప్కిన్ల మీద 12 శాతం పన్ను పడింది. దేశమంతటా మహిళలు నిరసన తెలిపాక 2018 జులైలో దాన్ని ఎత్తేశారు. 2019 ఆగస్టు నుంచి జన ఔషధి కేంద్రాల్లో ‘సువిధ’ న్యాప్కిన్ ఒక్కోటి రూపాయికే దొరుకుతోంది.

తెలంగాణ ప్రభుత్వం 2018లో ‘బాలికా ఆరోగ్య రక్ష’ పేరుతో ప్రభుత్వ బడుల బాలికలకు కిట్లు ప్రవేశపెట్టింది. సబ్బులు, కొబ్బరినూనె, దువ్వెనలతో పాటు న్యాప్కిన్లూ అందులో ఉండటం వల్ల నెలసరి తలదువ్వుకున్నంత మామూలు విషయమన్న సంగతి పిల్లలకు చెప్పకనే చెప్పినట్టయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 5న ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి ‘స్వేచ్ఛ’ పథకాన్ని ప్రారంభించారు. ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఏడు నుంచి పన్నెండో తరగతి దాకా చదివే పది లక్షల మందికి పైగా బాలికలకు నెలకు పది న్యాప్కిన్లు ఉచితంగా ఇవ్వడం, మహిళా ఉపాధ్యాయులు వారితో నెలసరి గురించి మాట్లాడటం అందులో భాగం.

ప్రభుత్వ పథకాలకు అవతల, పిల్లలే దారి చూపిన ఘట్టం ఒకటుంది. యాదాద్రి భువనగిరి జిల్లా ముల్కలపల్లి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల బాలికలు 2020లో ‘స్త్రీ రక్షా ప్యాడ్’ తయారుచేశారు. చెరువుల్ని కప్పేసి రైతుల్నీ మత్స్యకారుల్నీ విసిగించే గుర్రపు డెక్కను ప్రధాన పదార్థంగా తీసుకుని, మెంతులు, పసుపు, వేప, సబ్జా గింజలు జోడించారు. ప్లాస్టిక్ లేకుండా మట్టిలో కలిసిపోయే ప్యాడ్ అది. పేరెత్తడానికే సిగ్గుపడే వస్తువును సర్కారు బడి పిల్లలు సైన్సు ప్రాజెక్టుగా బల్ల మీద పెట్టి, దాని గురించి నలుగురి ముందు నిలబడి వివరించడం ఈ చరిత్రలో పెద్ద మలుపు.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-24 ఏళ్ల స్త్రీలలో పరిశుభ్రమైన పద్ధతులు వాడేవారు దేశంలో సుమారు 77 శాతం, తెలంగాణలో సుమారు 92 శాతం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు కూడా అదే సర్వే తేల్చింది. అందుకే బడుల్లో వారానికొకసారి ఇచ్చే నీలి రంగు ఐరన్ మాత్రనూ నెలసరి న్యాయంలో భాగంగానే చూడాలి.

సైబరాబాద్‌లో

మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి ప్రారంభించారు. ఆ తర్వాత కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడల మీదుగా నగరం పడమటికి విస్తరించింది. ఐటీ కొలువుల్లోకి తెలుగు ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో వచ్చారు. వారిలో ఎందరో తమ ఇంట డిగ్రీ పట్టా అందుకున్న మొదటి తరం. పదమూడో ఏట బడి బెంచీ వదలకుండా నిలబడ్డ పిల్లలే పదేళ్ల తర్వాత ఈ భవనాల్లో కుర్చీలు అందుకున్నారు. ఐటీ రంగం ఆ పిల్లలను నిలబెట్టిన బడులకు రుణపడి ఉంది.

అదే రోడ్డు పక్కన భవనాలు కట్టే కూలీల రేకుల షెడ్లు. పాలమూరు, శ్రీకాకుళం, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కుటుంబాలు వాటిలో ఉంటాయి. నిర్మాణ స్థలంలో కార్మికులకు మరుగుదొడ్లు, 50 మందికి పైగా స్త్రీలు పనిచేసే చోట పిల్లల సంరక్షణ గది ఉండాలని 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం నిర్దేశించింది. పిల్లల గది లేని చోట పసివాణ్ని చూసుకునే బాధ్యత పన్నెండేళ్ల అక్క మీద పడుతుంది. పెద్దమనిషి అయ్యాక షెడ్డులో ఒంటరిగా వదల్లేక, బడికి పంపడానికి ధైర్యం చాలక, ఆ పిల్లను తల్లి తనతోపాటే పనికి తీసుకెళ్తుంది, లేదా ఊళ్లో అమ్మమ్మ దగ్గరికి పంపిస్తుంది. పని పూర్తయి షెడ్లు మరోచోటికి మారితే బడి కూడా మారాలి. వలస కుటుంబాల పిల్లల కోసం పెట్టిన సీజనల్ హాస్టళ్లు ఇలాంటి చోట చదువును నిలబెడతాయి.

కంపెనీల చట్టం ప్రకారం 2014 ఏప్రిల్ నుంచి నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఈ నిధులతో బడుల్లో మరుగుదొడ్లు కట్టవచ్చు, న్యాప్కిన్లు, వాటిని కాల్చే యంత్రాలు ఇవ్వవచ్చు. యంత్రం పెట్టిన రోజు ఫొటోతో పని ముగిసిపోకూడదు. కరెంటు బిల్లు, మరమ్మతు, ఆయమ్మ జీతం ఏటా ఉండే ఖర్చులు. బాలికలకు నిజంగా దక్కే సాయం ఆ ఖర్చులు భరించడమే.

పరిశోధనలు చెప్పేది

ప్యాడ్లు ఇస్తే చాలు, హాజరు పెరుగుతుందన్న నమ్మకాన్ని పరిశోధన పూర్తిగా బలపరచలేదు. నేపాల్‌లోని చిత్వన్‌లో ఎమిలీ ఓస్టర్, రెబెకా థార్న్‌టన్ చేసిన అధ్యయనంలో (2011) నెలసరి కప్పులు ఇచ్చినా హాజరులో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. నెలసరి వల్ల నేరుగా పోయిన బడి రోజులు అక్కడ చాలా తక్కువ. భారత పాఠశాలల మీద అంజలి అడూకియా చేసిన అధ్యయనం (2017) మరో కోణం చూపింది. చిన్న పిల్లలకు ఏ మరుగుదొడ్డి ఉన్నా చేరికలు పెరిగాయి. ఈడొచ్చిన బాలికల చేరికలు పెరిగింది మాత్రం వారికి వేరే మరుగుదొడ్డి ఉన్నచోటే.

ఈ రెండూ కలిపి చదివితే తెలుగు అనుభవానికి సరిగ్గా సరిపోతాయి. పిల్ల బడి మానడానికి ప్యాడ్ లేకపోవడం ఒక్కటే కారణం కాదు. చాటు లేకపోవడం, దారిలో భయం, పెళ్లి తొందర, ఇంటి చాకిరీ అన్నీ తొలి నెలసరితో ఒక్కసారిగా మీదపడతాయి. ప్యాడ్ ఇవ్వడం మానాలని దీని అర్థం కాదు. హాజరు పెరిగినా పెరగకపోయినా శుభ్రంగా, నొప్పికి మందు అడగగలిగేలా, నవ్వులపాలు కాకుండా బతకడం ఆ పిల్ల హక్కు.

మిగిలిన పనులు

సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 10న, బడి బాలికల నెలసరి పరిశుభ్రతపై దేశమంతటికీ ఏకరీతి విధానం రూపొందించాలని కేంద్రానికి సూచించింది. స్కాట్లండ్ 2020లో చేసిన చట్టంతో నెలసరి వస్తువులు అవసరమైన వారందరికీ ఉచితంగా అందేలా చూసింది. కెన్యా 2017లో బడి బాలికలకు ఉచిత ప్యాడ్లను చట్టంలో చేర్చింది.

మన దగ్గర పాఠం చెప్పే వేళ కూడా మారాలి. రాష్ట్ర సిలబస్‌లో కౌమార దశ పాఠం ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో ఉంది. చాలామంది పిల్లలకు నెలసరి ఆరో తరగతిలోనో ఏడులోనో వచ్చేస్తుంది. పాఠం వచ్చేసరికి భయపడటం, దాచుకోవడం రెండూ నేర్చేసుకుని ఉంటారు. ఆ పాఠాన్ని ముందుకు జరపాలి, మగపిల్లలనూ కూర్చోబెట్టి చెప్పాలి. వాడిన ప్యాడ్లను చుట్టి పొడి చెత్త బుట్టలో వేయాలని 2016 నాటి వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పాయి. ఆ చెత్తను చేత్తో ఏరే పారిశుధ్య కార్మికురాలి గౌరవం కూడా ఈ న్యాయంలో భాగమే.

బడి తనిఖీకి వచ్చే అధికారి, నిధులిచ్చే కంపెనీ ప్రతినిధి ముందుగా బాలికల మరుగుదొడ్డి తలుపు లోపలి నుంచి వేసి చూడాలి. గడియ పడిందా, కుళాయి తిప్పితే నీళ్లొచ్చాయా, బుట్టకు మూత ఉందా చూడాలి. ఆ తర్వాత ఏడో తరగతికి వెళ్లి, ‘నెలసరి గురించి ఏదన్నా అడగాలంటే ఎవర్ని అడుగుతారు?’ అని పిల్లల్ని అడగాలి. వాళ్లు తడుముకోకుండా ఒక టీచరు పేరు చెబితే, ఆ బడిలో ఆ నాలుగో వస్తువూ ఉన్నట్టే.