టొలేడో మిఠాయి కొట్టులో మన చక్కెర

ఈ వారం ఒక మిఠాయి కథ చెప్పుకుందాం.

మాడ్రిడ్ నుంచి రైల్లో అరగంట దూరంలో టొలేడో అనే పాత ఊరుంది. అక్కడ శాంతో తోమే అనే మిఠాయి కొట్టు 1856 నుంచి నడుస్తోంది. ఆ ఊరి ప్రత్యేకత మసపాన్. పొట్టు తీసిన బాదంపప్పు, పంచదార కలిపి మెత్తగా నూరి, ఆ ముద్దతో చిన్న చిన్న బొమ్మలు చేసి, పైన గుడ్డు సొన రాసి, కాస్త ఎర్రబడేదాకా కాలుస్తారు. "టొలేడో మసపాన్" అని అమ్మాలంటే అందులో కనీసం సగం బాదం ఉండాలని నియమం. క్రిస్మస్‌కి దీన్ని పాములా చుట్ట చుట్టుకున్న పెద్ద చేప ఆకారంలో కూడా చేస్తారు. గుడ్డు తిననివాళ్ళు మాత్రం ముందుగా అడిగి కొనుక్కోవాలి.

ఆఫీసు పని మీద మాడ్రిడ్ వెళ్ళినప్పుడు, ఒక శనివారం నేనూ ఆ కొట్టుకి వెళ్ళాను. ఒక ముక్క నోట్లో వేసుకోగానే మన బాదం బర్ఫీ గుర్తొచ్చింది. ఆ పోలిక వెనక పెద్ద చరిత్రే ఉంది.

1212లో జరిగిన యుద్ధం తర్వాత కరువొస్తే, సాన్ క్లెమెంతే మఠంలోని సన్యాసినులు గోధుమలు లేక బాదం, పంచదారలతో దీన్ని చేశారని ఆ ఊరివాళ్ళు చెప్పుకుంటారు. అది కథ. కానీ ఆ పంచదార అక్కడికి ఎలా వచ్చింది? చెరకు రసం నుంచి చక్కెర తీసే విద్య మన దేశం నుంచి పర్షియాకు, అక్కడి నుంచి అరబ్బులకు చేరింది. స్పెయిన్‌లో చెరకు నాటింది వాళ్ళే. మాటలే సాక్ష్యం చూడండి. మన శర్కర పర్షియాలో షకర్, అరబ్బీలో సుక్కర్, స్పానిష్‌లో అసూకర్ అయింది. పాకం సాగదీసి చేసే అల్ఫెనీకె అనే మిఠాయి పేరుకి మూలం సంస్కృతంలోని ఫాణితం. మన నారింజకు వాళ్ళ మాట నరాంహ. టొలేడో నడిబొడ్డున ఉన్న సోకొదొవేర్ కూడలి పేరు కూడా అరబ్బీదే, పశువుల సంత అని అర్థం.

మరి ఆ మాటలూ రుచులూ తెచ్చినవాళ్ళు ఏమయ్యారు? 1492లో యూదుల్ని దేశం నుంచి వెళ్ళగొట్టారు. 1609 నుంచి 1614 వరకు, ముస్లిముల వారసులైన మొరిస్కోలను సుమారు 3 లక్షల మందిని ఓడలెక్కించి పంపేశారు. మనుషులు పోయారు, మిఠాయి మిగిలింది.

చక్కెర ప్రయాణం అక్కడితో ఆగలేదు. 1493లో కొలంబస్ తన రెండో యాత్రలో చెరకు మొక్కల్ని అట్లాంటిక్ దాటించాడు. ఆ తోటల కోసం ఆఫ్రికా వాళ్ళని బానిసలుగా తరలించారు. బానిసత్వం రద్దయ్యాక తోటల యజమానులు కూలీల కోసం మన వైపు చూశారు. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడలో చెరకు తోటలకి వెళ్ళే కూలీలున్నారు. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. మారిషస్‌కి మన వాళ్ళు వెళ్ళిందీ చెరకు కోసమే.

మనలో చాలామందిమి వీసాలతో, విమానాల్లో వచ్చాం. మనకన్నా ముందు సముద్రం దాటిన తెలుగువాళ్ళలో కొందరిని దాటించింది ఈ చక్కెరే. ఎప్పుడైనా టొలేడో వెళ్తే మసపాన్ తప్పకుండా రుచి చూడండి. పిల్లలకి పెట్టేటప్పుడు ఆ పేర్లతో పాటు ఈ మనుషుల సంగతీ చెప్పండి.

ఉంటాను, సెలవు.