తేయాకు నేల సారం: కంటి అంచనా నుంచి పరీక్షనాళిక దాకా

తేయాకు నేలల మంచిచెడ్డల గురించి మిగిలిన పాత మాటల్లో ముఖ్యమైనది చైనాలో 8వ శతాబ్దంలో లు యూ రాసిన ‘చా జింగ్’లో ఉంది. శిథిలమైన రాతి నేలలో పెరిగినది మేలురకం, గులకరాళ్ల నేలది మధ్యరకం, పసుపుపచ్చ మట్టిది నాసిరకం అని ఆయన తేల్చాడు. అందులో కొలత లేదు గానీ అనుభవం గట్టిది. రాతి, గులకరాళ్ల నేలల్లో నీరు ఇంకిపోతుంది; వేళ్ల దగ్గర నీరు నిలిస్తే తేయాకు బతకదు.

అస్సాంలో తేయాకు అడవిమొక్కగా కనిపించాక, 1835–36లో శాస్త్రవేత్తలు వాలిచ్, గ్రిఫిత్, మెక్‌క్లెల్లండ్ ఆ చోట్లకు వెళ్లి మొక్కనూ దాని కింది నేలనూ పరిశీలించారు. కొద్దికాలానికే కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే పరిశోధకుడు అస్సాం మట్టినీ చైనా తేయాకు కొండల మట్టినీ పక్కపక్కన పెట్టి విశ్లేషించాడు. రెండు మట్టుల్లోనూ సున్నపురాయి అంశం లేదని ఆయన గమనించాడు. తేయాకు నేలల చరిత్రలో ఇంతకంటే విలువైన తొలి పరిశీలన మరొకటి కనబడదు; దాని అర్థం తెలియడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

ఈలోగా తోటలు విస్తరించాయి. ఛోటానాగపూర్ నుంచీ, గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచీ వెళ్లిన కూలీలు అడవులు నరికి నేల తవ్వారు. ఏళ్ల తరబడి రాలిన ఆకు కుళ్లి చేరిన సారమే తొలి పంటలను నిలబెట్టింది. మట్టి రంగునూ, అక్కడి అడవి చిక్కదనాన్నీ చూసి భూమి ఎంచుకుంటే చాలనుకున్నారు. ఆ నిల్వ తరిగాక కంటి అంచనా పనికి రాలేదు.

1881లో ఏర్పడిన ఇండియన్ టీ అసోసియేషన్ 1900లో హెరాల్డ్ మాన్‌ను శాస్త్రాధికారిగా నియమించింది. మరుసటి ఏడే అస్సాం తేయాకు నేలలపైనా ఎరువులపైనా ఆయన పుస్తకం వెలువడింది. 1911లో జోర్హాట్ దగ్గర టోక్లాయ్ ప్రయోగ కేంద్రం మొదలైంది.

అసలు చిక్కు కొలబద్దలోనే ఉంది. యూరప్ వ్యవసాయ రసాయనశాస్త్రం గోధుమ పొలాలను చూసి పెరిగినది. దాని లెక్కలో ఆమ్ల నేల అంటే జబ్బుపడ్డ నేల, మందు సున్నం. తేయాకుకు సరిపడేది ఆ ఆమ్లమే. pH 4.5 నుంచి 5.5 మధ్య మొక్క బాగా పెరుగుతుంది. ఇతర పైర్లకు విషమయ్యే అల్యూమినియంను ముదురాకుల్లో దాచుకుంటుంది. సున్నం లేని నేల గురించి పిడింగ్టన్ చెప్పినదానికి వివరణ ఇదే. నీడకు పెంచిన సౌ చెట్ల కింద తేయాకు ఏపుగా ఉండటం వెనుక కూడా నేల సంగతే ఉంది. సౌ చిక్కుడు కుటుంబానిది. వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి.

పరీక్షకు మట్టి తీయడమూ ఒక పద్ధతిగా స్థిరపడింది. ఎరువు వేయకముందే తోటలో అక్కడక్కడా పైచెత్త తొలగించి సుమారు 9 అంగుళాల లోతు వరకు మట్టి తీస్తారు. అన్నీ కలిపి గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండింటిని పారేస్తారు. అర కిలో మిగిలేదాకా ఇలాగే చేసి, నీడన ఆరబెట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పడతారు. ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీరు కలిపి pH చూస్తారు. సేంద్రియ కర్బనానికి 1934 నాటి వాక్లీ–బ్లాక్ పద్ధతి ఇప్పటికీ ప్రామాణికం.

కాలక్రమేణా అమ్మోనియం సల్ఫేట్, యూరియా ఎరువులు దిగుబడులు పెంచాయి, నేలను మరింత ఆమ్లంగా మార్చాయి. pH 4.5 కంటే దిగితే తేయాకుకు కూడా ఇబ్బందే. ఒకప్పుడు వద్దన్న సున్నం డోలమైటు రూపంలో అందుకే తిరిగి వచ్చింది. దక్షిణ భారత తోటల్లో దాన్ని కొమ్మ కత్తిరింపు కాలంలో వేస్తారు; మోతాదును మట్టి పరీక్షే నిర్ణయిస్తుంది.