పదేళ్ళు దాటని పిల్లవాడు

ఆర్.కె. లక్ష్మణ్ గారి ‘కామన్ మ్యాన్’ను దశాబ్దాల పాటు పత్రికల్లో చూసిన తరం మనది. నోరు విప్పకుండా అన్నీ గమనిస్తూ నిలబడే ఆ పెద్దమనిషి మనలో ఒకడైపోయాడు. పాలస్తీనా ప్రజలకు అటువంటి మౌనసాక్షి ఒక పదేళ్ళ పిల్లవాడు. పేరు హందలా. ఆ బొమ్మకు ప్రాణం పోసిన చిత్రకారుడు నాజీ అల్ అలీ.

అలీ స్వగ్రామం గలిలీ ప్రాంతంలోని అల్ షజరా. 1948 యుద్ధంలో ఆ ఊరివారంతా నిర్వాసితులయ్యారు. సుమారు పదేళ్ళ వయసులో అలీ కుటుంబంతో పాటు లెబనాన్‌లోని ఐన్ అల్ హిల్వే శరణార్థి శిబిరం చేరారు. అక్కడ ఆయన గీసిన బొమ్మలను రచయిత ఘస్సాన్ కనఫానీ చూసి, 1961లో ‘అల్ హుర్రియా’ పత్రికలో ప్రచురించారు.

హందలా తొలిసారి కనిపించింది 1969లో, కువైట్ పత్రిక ‘అల్ సియాసా’లో. చెప్పుల్లేని కాళ్ళు, మాసికల బట్టలు, ముళ్ళలా నిక్కిన జుట్టు. ఆ పేరు ఎడారి నేలల్లో పెరిగే ఒక చేదు పుచ్చ తీగది. దాన్ని కోసినా వేరు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. 1973 యుద్ధం తరువాత అలీ ఈ పిల్లవాణ్ణి మనకు వీపు చూపి, చేతులు వెనక్కి కట్టుకొని నిలబడేటట్లు గీశారు. బయటివారు రుద్దే పరిష్కారాలు ఒప్పుకోననడమే ఆ భంగిమకు అర్థం. స్వదేశం చేరేదాకా హందలా ఎదగడని ఆయన చెప్పేవారు.

అలీ ఇజ్రాయెల్‌నే కాదు, అరబ్బు పాలకులనూ, పాలస్తీనా నాయకులనూ విడిచిపెట్టలేదు. 1985లో కువైట్ నుంచి బహిష్కృతులై లండన్ చేరారు. 1987 జూలై 22న అక్కడి ‘అల్ ఖబస్’ పత్రిక కార్యాలయం వెలుపల ఆయనపై కాల్పులు జరిగాయి. ఆగస్టు 29న కన్నుమూశారు. పోలీసులు 2017లో మళ్ళీ సమాచారం కోరినా హంతకుడు దొరకలేదు. శిబిరంలో తండ్రి పక్కన సమాధి కావాలన్న కోరిక తీరక, ఇంగ్లాండు మట్టిలోనే కలిసిపోయారు.

నాయకుని బొమ్మ ఒక పక్షానికి చెందుతుంది. ముఖం కనబడని హందలా ఏ పక్షానికీ చెందడు. నాలుగు గీతలు గీయగల ఎవరైనా అతణ్ణి గోడమీద నిలబెట్టగలరు. వెస్ట్‌బ్యాంక్‌ను చీల్చే కాంక్రీటు గోడ మీదా అతడున్నాడు. చిత్రకారుణ్ణి చంపినవారు ఆ నాలుగు గీతలను మాత్రం చెరపలేకపోయారు.