సైకిల్ చువ్వల మీద జాగ్వార్

సైకిల్ షాపు ముందు చక్రం బెండు తీసే మనిషిని చూసినవాళ్లకు ఈ కథ సగం తెలిసినట్టే. చక్రాన్ని వేలితో ఒక తిప్పు తిప్పుతాడు. రిమ్ము ఎక్కడ పక్కకి వాలుతోందో ఓరకంట చూస్తాడు. అక్కడ ఒక చువ్వ అరచుట్టు బిగిస్తాడు, దాని ఎదుటిది పావుచుట్టు వదులుతాడు. మళ్లీ తిప్పుతాడు. 1961 మార్చిలో జెనీవా మోటార్ షోకి వచ్చినవాళ్లు నోరు తెరిచి చూసిన జాగ్వార్ ఈ-టైప్ కారు కూడా ఇలా చువ్వ చువ్వా బిగించిన చక్రాల మీదే నిలబడింది. చక్రానికి 72 చువ్వలు. నాలుగు చక్రాలకు 288. డిక్కీలో ఉన్న స్టెప్నీని కూడా కలుపుకుంటే 360.

ఆ కారు తయారైన కోవెంట్రీ, కార్ల ఊరు కాకముందు సైకిళ్ల ఊరు. అంతకుముందు అక్కడ కుట్టుమిషన్లు చేసేవారు. ఆ కుట్టుమిషన్ల పని నుంచే సైకిళ్ల వైపు మళ్లిన జేమ్స్ స్టార్లీ 1874లో ఒక పేటెంట్ తీసుకున్నాడు. అప్పటిదాకా చువ్వలు హబ్ నుంచి సూర్యకిరణాల్లా తిన్నగా రిమ్ముకు వెళ్లేవి. స్టార్లీ వాటిని ఏటవాలుగా, ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయేలా అల్లాడు. తొక్కినప్పుడు హబ్ పెట్టే మెలిని తిన్నటి చువ్వలు తట్టుకోలేవు, అల్లిన చువ్వలు తట్టుకుంటాయి. ఇవాళ్టికీ మన సైకిల్ వెనక చక్రంలో కనిపించేది ఆ అల్లికే.

ఎడ్లబండి చక్రానికీ దీనికీ పోలికే లేదు. బండి చక్రంలో ఆకులు చెక్కవి. బరువు పడితే కింది ఆకు స్తంభంలా మోస్తుంది. సన్నటి ఇనుప చువ్వ స్తంభం కాలేదు, నొక్కితే వంగిపోతుంది. దానికి తెలిసిన పని లాగడం ఒక్కటే. అందుకే అన్ని చువ్వలనూ ముందే వీణ తీగల్లా బిగించి పెడతారు. బరువు పడ్డప్పుడు నేలవైపు చువ్వల బిగువు కాస్త తగ్గుతుంది, వదులు మాత్రం కాదు. వదులైతేనే చిక్కు. ఒక చువ్వ పని మానేస్తే దాని వాటా పక్కవాటి మీద పడుతుంది, కొన్నాళ్లకు అవీ తెగుతాయి.

చక్రం కుదిరాక గాలి కావాలి. గాలి నింపిన టైరుకు రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే పేటెంట్ తీసుకున్నాడు గానీ లోకం దాన్ని మర్చిపోయింది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు జాన్ బాయిడ్ డన్‌లప్ కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం మళ్లీ కనిపెట్టాల్సి వచ్చింది. ఆ పేరు మన పల్లెలదాకా వచ్చింది. ఇనప పట్టా చక్రాలు తీసేసి రబ్బరు టైర్లు వేసిన ఎడ్లబండిని టైరు బండి అనేవాళ్లు కొందరైతే, డన్‌లప్ బండి అనేవాళ్లు కొందరు.

తొలినాళ్ల కార్లకు అసలు శత్రువు పంక్చరు. రోడ్ల నిండా గుర్రపు నాడాల మేకులే. చక్రం ఊడివచ్చేది కాదు. దారి పక్కన కూర్చుని, కారుకు ఉన్న చక్రం మీదే టైరు ఊడదీసి ట్యూబుకు అతుకు వేసుకోవాలి. 1904లో వేల్స్‌లోని లనెల్లీ ఊళ్లో డేవీస్ అన్నదమ్ములు చువ్వల్లేని ఒక రిమ్ముకు టైరు తొడిగి, పంక్చరైన చక్రం పక్కనే బిగించుకునేలా అమ్మకానికి పెట్టారు. వాళ్ల దుకాణం స్టెప్నీ వీధిలో ఉండేది, సరుకుకూ ఆ పేరే పెట్టారు. ఇంగ్లండులో ఆ మాట ఎప్పుడో వాడుక తప్పింది. మన లారీ డ్రైవర్లు మాత్రం ఒక వేల్స్ వీధి పేరును నూరేళ్లకు పైగా నోట్లో నాననిస్తూనే ఉన్నారు.

రేసుల్లో ఆ తొందర ఇంకా ఎక్కువ. 1906లో జరిగిన మొట్టమొదటి ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీ గెలిచిన రెనోకు మిచెలిన్ కంపెనీ చేసిన ఊడివచ్చే రిమ్ములు ఉన్నాయి. అవి లేని జట్లవాళ్లు కత్తులతో టైర్లు కోసుకుంటూ కూర్చుంటే ఆ కారు నిమిషాల్లో బయల్దేరేది. తర్వాతి అడుగు రడ్జ్-విట్‌వర్త్‌ది. అదీ కోవెంట్రీ సైకిళ్ల కంపెనీయే. అక్కడి జాన్ ప్యూ, రిమ్ము ఒక్కటే కాదు, చువ్వల చక్రం మొత్తాన్నీ ఒకే ఒక్క నట్టుతో హబ్ మీది నుంచి లాగేసే పద్ధతి తెచ్చాడు. 1908 గ్రాండ్ ప్రీకి నేపియర్ జట్టు ఆ చక్రాలతోనే రావాలనుకుంది. నిర్వాహకులు కుదరదన్నారు. జట్టు పోటీ నుంచే తప్పుకుంది. పనికిరాని వస్తువును ఎవరూ అంత పట్టుబట్టి నిషేధించరు కదా! 1922లో మిలాన్‌లో కార్లో బొరానీ ఆ పేటెంటు మీద లైసెన్సు తీసుకున్నాడు. 1950ల, 60ల ఫెరారీల కింద మెరిసే చువ్వల చక్రాలు ఆ దుకాణంవే.

ఆ నట్టుకు రెండు చెవులుంటాయి. స్పానరు అక్కర్లేదు. రాగి సుత్తితో చెవి మీద నాలుగు దెబ్బలు వేస్తే ఊడుతుంది, ఇంకో నాలుగు వేస్తే బిగుస్తుంది. ఇనప సుత్తి వాడితే పైపూత లేచిపోతుంది. ఇందులో ఒక కిటుకు ఉంది. కారు ఎడమవైపు హబ్‌లకు మామూలు మర, కుడివైపు వాటికి ఎదురు మర. కారు ముందుకు పోయేకొద్దీ నట్టు బిగుసుకునేలా ఆ ఏర్పాటు. ఎవరైనా మరమ్మతు చేస్తూ ఆ వైపు హబ్ ఈ వైపు వేశారా, నడిచేకొద్దీ నట్టు వదులవుతూ పోతుంది. చక్రం యజమాని కంటే ముందు వెళ్లిపోతుంది.

ఈ సంగతులన్నీ కలిసి ఈ-టైప్‌లో చేరాయి. ఆ కారుకు చక్రాలు డన్‌లప్‌వి, టైర్లు డన్‌లప్‌వి, డిస్క్ బ్రేకులూ డన్‌లప్‌వే. జెనీవాలో మొదటి కారును నడిపి చూస్తామని జనం ఎగబడితే, టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్ రెండో కారును కోవెంట్రీ నుంచి రాత్రికి రాత్రే తోలుకొచ్చాడు. ప్రచారంలో అందరి కళ్లూ పడ్డ అంకె గంటకు 150 మైళ్లు. ఆటోకార్ పత్రిక పరీక్షలో 150.4 మైళ్లు వచ్చింది, అంటే 242 కిలోమీటర్లు. నిజమే, వచ్చింది. కానీ ఆ పరుగు కొన్నవాళ్లకు మామూలుగా దొరికే ఆర్ఎస్-5 టైర్ల మీద కాదు, రేసు టైర్లయిన ఆర్-5 మీద. అరవై ఏళ్లుగా జనం చెప్పుకుంటున్న ఆ అంకెలో రబ్బరు వాటా ఎంతో ఎవరూ అడగరు.

ఇంకో తమాషా. ఈ-టైప్‌కు తండ్రి లాంటి డి-టైప్ 1955, 56, 57 సంవత్సరాల్లో వరసగా లె మాన్ 24 గంటల రేసు గెలిచింది. దానికి చువ్వల్లేవు, డన్‌లప్ చేసిన చిల్లుల అల్లాయ్ పళ్లేలున్నాయి. రేసులో చువ్వలు వదులవడం, తెగడం చూసి చూసి జాగ్వార్ వాటిని అప్పటికే వదిలేసింది. రోడ్డు కారుకు మాత్రం మళ్లీ అవే వేసింది. చువ్వల సందుల్లోంచి గాలి పోయి బ్రేకులు చల్లబడతాయని సమర్థించేవాళ్లున్నారు. ముందు చక్రాల సంగతి సరే. ఈ-టైప్ వెనక బ్రేకులు చక్రాల్లో లేనే లేవు, కారు నడుమ డిఫరెన్షియల్ పక్కన ఉంటాయి. నన్నడిగితే ఆ చువ్వలు అందానికి. తప్పు లేదు, కారు మొత్తమూ అందానికే కదా! బుగాటీ 1924లోనే అల్యూమినియం చక్రాలు పోతపోసింది, పోర్షె 1966లో ఫూక్స్ కంపెనీ సాగగొట్టిన అల్లాయ్ చక్రాలకు మారింది. వాళ్లు ముందుకు పోయారు. కోవెంట్రీ తన సైకిలు తాతను మర్చిపోలేదు.

అలాంటి కారు ఇవాళ ఒకరి చేతికి వస్తే మొదటి ప్రశ్న, ఏ టైరు వేయాలి? 1961 ఈ-టైప్ టైరు మీద 6.40-15 అని ఉండేది. టైరు వెడల్పు 6.40 అంగుళాలు, చక్రం వ్యాసం 15 అంగుళాలు. ఈ లెక్క మనకు కొత్తేం కాదు, మన అంబాసిడర్‌ది 5.90-15. రెండూ క్రాస్‌ప్లై టైర్లే. రబ్బరు లోపలి నూలు పొరలు ఒకదానిమీదొకటి ఏటవాలుగా అడ్డం పడి ఉంటాయి. రేడియల్ టైరులో నూలు ఈ అంచు నుంచి ఆ అంచుకు నేరుగా వెళ్తుంది, పైన నడికట్టులా ఒక పట్టీ ఉంటుంది. మిచెలిన్ దీనికి 1946లో పేటెంట్ తీసుకుంది. 60లు గడిచేలోగా స్పోర్ట్స్ కార్లన్నీ దాదాపు దీనికే మారాయి. ఈ-టైప్‌కు సరిపోయేది 185-వీఆర్-15. వెడల్పు 185 మిల్లీమీటర్లు, వీ అంటే వేగం తరగతి, ఆర్ అంటే రేడియల్. ఎత్తు ఎంతో రాయలేదంటే, వెడల్పులో 80 శాతానికి కాస్త పైనే అని అర్థం. ఆనాటి టైర్లన్నీ అంతే, బొద్దుగా ఉండేవి.

కొత్తగా కొన్నవాళ్లు చేసే పని వెడల్పాటి టైర్లు తొడగడం. పట్టు పెరుగుతుందన్నది నిజం. ఆ పట్టు మోయాల్సింది మాత్రం ఆ చువ్వలూ, ఆ కాలపు సస్పెన్షనూ, పవర్ స్టీరింగ్ లేని కారును మలుపు తిప్పే మనిషి భుజాలూ. ఆనాటి కారు మలుపులో జారే ముందు చెప్పి జారుతుంది. వెడల్పు టైరు పట్టి పట్టి, చివరికి చెప్పకుండా వదిలేస్తుంది. ఎక్కువ పట్టు ఎక్కువ భద్రత అని నేను నమ్మను, ఈ కార్ల విషయంలో అసలు నమ్మను. పాత నమూనా టైర్లనే కొత్త రబ్బరుతో పిరెల్లీ, మిచెలిన్ ఇప్పటికీ పోసి అమ్ముతున్నాయి. ఖరీదు ఎక్కువే. ఇక ముందు రేడియల్, వెనక క్రాస్‌ప్లై మాత్రం ఎప్పుడూ వేయకూడదు. ముందు చక్రాలు రోడ్డును పట్టుకుంటాయి, వెనకవి వదిలేస్తాయి, కారు బొంగరమవుతుంది. బ్రిటన్‌లో అలా వేస్తే చట్టవిరుద్ధం.

ఆనాటి చువ్వల చక్రానికి ట్యూబ్ తప్పనిసరి. ప్రతి చువ్వ కొసా రిమ్ములోకి చిల్లు పొడుచుకుని వస్తుంది, గాలి ఆ 72 దారుల్లో పోతుంది. ట్యూబుకు చువ్వ కొసలు తగలకుండా రిమ్ముకు పట్టీ చుట్టాలి. కొత్త టైరు లోపల అంటించిన కాగితపు చీటీ కూడా పీకేయాలి. వేడికి దాని అంచు ట్యూబును ఒరుసుకుని ఒరుసుకుని కోసేస్తుంది. చీటీ వల్ల పంక్చరు అంటే నవ్వొస్తుంది గానీ, హైవే మీద రాదు.

చక్రం ఊడదీసినప్పుడు చూడాల్సింది హబ్ పళ్లు. చక్రం లోపలా, హబ్ బయటా పళ్లుంటాయి, ఇంజిను బలమంతా వాటి మీదుగానే పోతుంది. అరిగితే రంపం పళ్లలా మొన తేలతాయి. ముందుకు పోయి ఆగి, వెనక్కి తీసినప్పుడల్లా వెనక చక్రం దగ్గర టక్కుమంటుంది. ఆ చప్పుడు విన్నాక కందెన రాస్తే లాభం లేదు, రాయాల్సింది అంతకుముందే. పాత పళ్ల హబ్ మీద కొత్త చక్రం వేస్తే కొత్తది కూడా పాతదానిలా అరుగుతుంది.

చెవుల నట్టు కథ అమెరికాలో ముగిసింది. బయటికి పొడుచుకొచ్చే రెక్కలు పాదచారులకూ సైకిళ్లవాళ్లకూ ప్రమాదమని 1968 జనవరి నుంచి అక్కడ నిషేధించారు. జాగ్వార్ చెవులు కోసేసిన నట్టు వేసి, దాన్ని తిప్పడానికి వేరే పనిముట్టు ఇచ్చింది. 1996లో ఆ నిబంధన తీసేశారు. అప్పటికి ఈ-టైప్ తయారీ ఆగి ఇరవై ఏళ్లు దాటింది.

ఒకసారి హైదరాబాద్‌లో పాత కార్ల ప్రదర్శనకు వెళ్లాను. రెండు సీట్ల బ్రిటిష్ కారు ఒకటి, వెండిరంగు చువ్వలు తళతళలాడుతున్నాయి. యజమాని ముచ్చటగా చూపించాడు. "టైర్లు చూడండి సార్, పూలలా ఉన్నాయి. పదివేల కిలోమీటర్లు కూడా తిరగలేదు." గాళ్లు నిజంగానే లోతుగా ఉన్నాయి. నేను మోకాళ్ల మీద కూర్చుని టైరు పక్కగోడ మీద చిన్న అచ్చులో ఉన్న నాలుగంకెలు వెతికాను. 0806. 2006లో ఎనిమిదో వారం. గోరుతో పక్కగోడను కాస్త వంచి చూస్తే ఎండిన చెరువు అడుగులా సన్నటి బీటలు. రోజూ తిరిగే కారుకు టైరు అరిగి పోతుంది. ఏడాదికి నాలుగుసార్లు బయటికొచ్చే కారుకు టైరు ముసలిదై పోతుంది, పైకి మాత్రం కుర్రదిలా కనిపిస్తూనే. 2013లో హాలీవుడ్ నటుడు పాల్ వాకర్ చనిపోయిన ప్రమాదానికి కారణం అతివేగమేనని దర్యాప్తు తేల్చింది. ఆ కారు టైర్ల వయసు తొమ్మిదేళ్లని కూడా అదే నివేదిక రాసుకుంది.

అంకెలు చదివి వినిపించాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. పక్కనే ఉన్న మెకానిక్ మాత్రం జేబులోంచి చిన్న స్పానరు తీసి, చక్రం చుట్టూ చువ్వలు ఒక్కొక్కటే తట్టుకుంటూ వచ్చాడు. టింగ్, టింగ్, టింగ్. ఇంకో రెండు. టప్. అక్కడ ఆగి, ఆ చువ్వ మీద చాక్‌పీస్‌తో గీత గీశాడు.