ఖాళీలను పూరించే పేజీ

పరీక్షా ఫలితాల రోజున హాల్ టికెట్ నంబరు టైపు చేయగానే మీ పేరు, మార్కులు తెరమీద కనిపిస్తాయి. లక్షలాది విద్యార్థుల కోసం లక్షలాది పేజీలు ఎవరైనా ముందే రాసి పెట్టారా? లేదు. ఉన్నది ఒకే పేజీ. ప్రోగ్రెస్ కార్డులో ఉన్నట్టే అందులోనూ ఖాళీలుంటాయి. మీరు అడిగిన క్షణాన సర్వర్ ఆ ఖాళీలను పూరించి పంపుతుంది.

వెబ్ తొలి రోజుల్లో ఇది ఇంత తేలిక కాదు. 1990లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ మొదటి వెబ్ సర్వర్‌ను తయారుచేశారు. అప్పట్లో చాలా పేజీలు రాసిపెట్టిన ఫైళ్ళే. ఎవరు అడిగినా అదే పేజీ వచ్చేది. 1993లో అమెరికాలోని ఎన్.సి.ఎస్.ఎ. కేంద్రంలో సి.జి.ఐ. అనే పద్ధతి రూపొందింది. దీనితో సర్వర్ ఒక ప్రోగ్రామును నడిపి, దాని ఫలితాన్నే పేజీగా పంపగలిగింది. అయితే పేజీలోని ప్రతి పంక్తినీ ప్రోగ్రామే అచ్చువేయాలి. ఒక్క మాట మార్చాలన్నా ప్రోగ్రామును కదిలించాల్సిందే!

రాస్మస్ లెర్డార్ఫ్ 1994లో తన బయోడేటా పేజీని ఎంతమంది చూస్తున్నారో తెలుసుకోవడానికి కొన్ని చిన్న ప్రోగ్రాములు రాసుకున్నారు. 1995 జూన్‌లో వాటిని అందరికీ ఇచ్చేశారు. అదే పి.హెచ్.పి.కి నాంది. క్రమంగా పద్ధతి తలకిందులైంది. ప్రోగ్రాములో పేజీని ఇరికించే బదులు, పేజీలోనే కావలసిన చోట ప్రోగ్రాము ముక్కను ఉంచసాగారు. ఉదాహరణకు:

మీ మార్కులు: <?= $మార్కులు ?>

డాలర్ గుర్తుతో మొదలయ్యేది చరరాశి పేరు. సర్వర్ ఆ ముక్కను తీసేసి, దాని స్థానంలో చరరాశి విలువను, అంటే 78 అనో 91 అనో, ఉంచుతుంది. మీ బ్రౌజరుకు అందేది ఆ అంకె మాత్రమే.

మరి ఆ విలువ అపరిచితుడు టైపు చేసినదైతే? అతడు పేరుకు బదులు ఒక ప్రోగ్రామునే రాస్తే, పేజీ చూసేవారి బ్రౌజర్ దాన్ని నడిపేస్తుంది! ఈ ప్రమాదం గురించి అమెరికాలోని సెర్ట్ సంస్థ 2000 ఫిబ్రవరిలో హెచ్చరించింది. అయినా 2005 అక్టోబరులో మైస్పేస్‌లో ‘సామీ’ అనే వర్మ్ ఒక్కరోజులోనే పది లక్షలకు పైగా ఖాతాలకు పాకింది.

నివారణ కష్టమేమీ కాదు. ‘<’ వంటి గుర్తులకు బదులు వాటి సంకేతాలను పంపితే, బ్రౌజర్ వాటిని అక్షరాలుగా చూపుతుందే గాని ఆదేశాలుగా పాటించదు. కనుక మీరు ప్రోగ్రాము రాసేటప్పుడు ప్రతి ఖాళీ దగ్గరా ఆగి ప్రశ్నించుకోండి: ఇందులోకి వచ్చే విలువ ఎవరిది?